ముందు గడ వేసినవాడు

తాడేపల్లిగూడెం,
జూలై 1955.

ప్రియమైన గంగా,

ఉత్తరం రాయలేదని అలిగి కూర్చున్నావని తెలుసు. అలుగు, నాకేం. హాస్టల్లో ఉన్నప్పుడు కూడా నువ్వు అలిగితే కంచం పట్టుకుని వెనకాల తిరిగింది నేనే కదా. రైసు మిల్లు వాళ్ల కోడలి బతుకు నీకేం తెలుసు? వచ్చేవాళ్లకు కాఫీలు, పోయేవాళ్లకు మజ్జిగలు, మధ్యలో మా అత్తగారి దగ్గు. నువ్వు మీ కొల్లేటికోట బళ్లో పిల్లల చేత ఎక్కాలు చెప్పించుకుంటూ హాయిగా ఉన్నావు.

అసలు సంగతికి వస్తాను. మద్రాసు నుంచి మా హనుమంతరావన్నయ్య వచ్చి వెళ్లాడు. సినిమాలకు మాటలు రాస్తున్నాడని చెప్పాను కదా, ఇప్పుడు కథ కూడా అతన్నే రాయమన్నారట. నవ్వించే ప్రేమకథ కావాలట. అది కూడా ఇప్పటిది కాదు, యుద్ధం నాటిది. కిరసనాయిలు దొరకని ఆ రోజుల్ని చూపిస్తే జనానికి మనసు మెత్తబడుతుందట. నేను చింతపండులో పిక్కలు తీస్తూ ఊరికే మీ అచ్చమ్మక్క కథ చెప్పాను.

అదేనే, మీ వాళ్లలో సంబంధం ఖాయం చేసే ముందు పిల్లనీ పిల్లవాణ్నీ జంట తాటిదోనె ఎక్కించి, ముందు గడ అతని చేతికి, వెనక గడ ఆమె చేతికి ఇచ్చి ఎదుటి లంక దాకా పంపుతారే, దోనె తిన్నగా పోతే పెళ్లి, వంకరపోతే లేదు అని. ముందువాడు వెనక్కి తిరిగి చూడకూడదు. అక్కేమో వల చింపాడన్న పాత కోపంతో దోనెను కిక్కిసగడ్డి చుట్టూ గిరగిరా తిప్పడం, సోమరాజు బావేమో తల తిప్పకుండానే "ఏవండీ అచ్చమ్మగారూ, లంక అటుందండీ" అనడం, గట్టు మీద ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వడం. సాయంత్రం దాకా తిరిగి తిరిగి, వచ్చేటప్పుడు మాత్రం గీత గీసినట్టు తిన్నగా వచ్చారు కదా. మాట్లాడుకోవడానికే అంతసేపు తిప్పారని మీ జగ్గయ్య తాత తేల్చేశాడు. ఈ కథ హాస్టల్లో నీ చేత ఎన్నిసార్లు చెప్పించుకున్నానో. చేపల వాసన అని మిగతావాళ్లు నీ పక్కన మంచం వేసుకోనన్నారు కానీ, వాళ్లూ చెవులు ఇటే వేసేవాళ్లు.

అన్నయ్యకు తెగ నచ్చేసింది. అక్కను అడగకుండా రాయకూడదని నేనే అన్నాను. అడిగి రాయి.

నీ రాజ్యం

—

కొల్లేటికోట,
ఆగస్టు 1955.

రాజ్యానికి,

అలిగిన మాట నిజమే. నీ ఉత్తరం చదివాక అలక ఎటు పోయిందో తెలియదు.

అక్క వలకు ముడులు వేస్తుంటే చదివి వినిపించాను. మొదట సిగ్గుపడింది. తరవాత నవ్వింది. బావ పోయాక అక్క అలా నోరారా నవ్వడం నేను చూడలేదు. "మా తిప్పుళ్లు కూడా సినిమా ఏంటే" అంది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. అన్నాలు తినేటప్పుడు ఉన్నట్టుండి, "సినిమాలో మడుసులు కదులుతారు కదా?" అని అడిగింది. కదులుతారన్నాను. "అయితే మాణిక్యానికి చూపించొచ్చు" అంది.

నీకు తెలియదు రాజ్యం. ఆ పెద్ద గాలివానలో బావ పోయేనాటికి రత్నమాణిక్యం కడుపులో ఉంది. బావ ఫొటో ఒక్కటి కూడా లేదు. ఇద్దరూ ఒకసారి ఫొటో తీయించుకుందామని ఏలూరు వెళ్తే ఆ రోజు షాపు మూసి ఉంది. ఇంకోసారి వద్దాంలే అనుకున్నారు. ఇప్పుడు పిల్లకు ఆరో ఏడు. "నాన్న ఎలా ఉంటాడు" అని అడిగితే అక్క నా వైపు తిరిగి, "ఆయన మొగం కంటే ఈపే బాగా గురుతు నాకు. ఎప్పుడూ ఎనక గడ నాదే కదా" అంటుంది.

అందుకని ఒప్పుకుంది. రెండు మాటలు మాత్రం మీ అన్నయ్యగారికి చెప్పమంది. ఆయన పేరు మార్చొద్దు. పిల్ల కూడా నిలబడి గడ వేయాలి, ఊరికే కూర్చోకూడదు. బావ ఎలా ఉంటాడో పిల్లకు చూపించడానికి ఆమెకు దొరికిన దారి ఇదొక్కటే. నీ చేతుల్లో పెడుతోంది.

గంగ

—

తాడేపల్లిగూడెం,
డిసెంబరు 1955.

ప్రియమైన గంగా,

అక్కకు చెప్పు, రెండు మాటలూ చెల్లాయి. పేరు మార్చడట. సోమరాజు అన్న పేరు అందరికీ తెగ నచ్చిందట. గడ సంగతి మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. ఆడపిల్ల నిలబడి గడ వేస్తే నాజూకుగా ఉండదని అక్కడివాళ్లు అన్నారట. నేను అన్నయ్యకు ఘాటుగా రాశాను, అది లేకపోతే అసలు కథే లేదని. చివరికి పాటలో దూరం నుంచి ఇద్దరూ నిలబడి గడ వేస్తూ లంకకు పోయేటట్టు పెడతామన్నారు. మా ఇంట్లో నా మాట ఇంతవరకు నెగ్గింది ఇదొక్కటే, కాబట్టి నన్ను కాస్త మెచ్చుకో.

పెట్టుబడి పెట్టేవాళ్లు ఇంకా ఏవో మార్పులు చెబుతున్నారట. నాకు సినిమా సంగతులు అర్థం కావు. సంక్రాంతి వెళ్లాక మీ వైపు షూటింగుకు వస్తారు. మాణిక్యానికి రిబ్బన్లు పంపుతున్నాను.

నీ రాజ్యం

—

కొల్లేటికోట,
ఫిబ్రవరి 1956.

రాజ్యానికి,

వచ్చారు, తీశారు, వెళ్లారు. ఊరికి ఇంకా ఆ నిషా దిగలేదు. బళ్లో పిల్లలు పలకల్ని కళ్ల ముందు పెట్టుకుని ఒకళ్లనొకళ్లు ఫొటోలు తీసుకుంటున్నారు.

హీరోయిను మంచి పిల్ల. జలగలంటే ప్రాణభయం. నీళ్లలో కాలు పెట్టిన ప్రతిసారీ మా అమ్మమ్మను గట్టిగా పట్టుకునేది. అమ్మమ్మ పొగాకు నీళ్లు రాసి ధైర్యం చెప్పేది. ఆ అమ్మాయికి మా చీరకట్టు చూపిస్తే ఇది తెరమీద బాగుండదన్నారు. అచ్చంగా మీ ఇంటి ఆడపిల్లలా ముస్తాబు చేశారు. గట్టుమీద నిలబడడానికి మా వాళ్లను కొంతమందిని తీసుకుని, వాళ్ల మొహాలకు, చేతులకు బొగ్గు రంగు పూశారు. బావ తమ్ముడు సూర్రావు, పెళ్లాం బిడ్డలున్నవాడు, నెమ్మదస్తుడు, చేతులు కట్టుకుని "ఏవండీ, మేం నలుపు సాలమాండీ?" అని అడిగాడు. వాళ్లు నవ్వారు. వాడు వేళాకోళానికి అడగలేదు.

ఒక సంగతి అర్థం కాలేదు. హీరో పంట్లాం వేసుకుని సైకిలు మీద వచ్చాడు. మా బావ జన్మలో పంట్లాం ఎరగడు. దోనెలోకి సైకిలు ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేదు. ఇంకొకాయన ఉన్నాడు, పొట్టిగా, ఊరికే నీళ్లలో పడుతూ లేస్తూ. ఆయనెవరండీ అంటే పడవవాడన్నారు. మీ అన్నయ్యగారు మాత్రం నన్ను చూసినప్పుడల్లా కళ్లద్దాలు తుడుచుకుంటూ అటు వెళ్లిపోయారు. నీకు తెలిస్తే రాయి.

ఇంకొకటి కూడా ఉంది, ఇప్పుడు రాయను. సినిమా చూశాక చెబుతాను.

గంగ

—

తాడేపల్లిగూడెం,
ఆగస్టు 1956.

ప్రియమైన గంగా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. మా అత్తగారి ఆరోగ్యం, మిల్లులో గొడవలు. సినిమా వచ్చే వారం ఏలూరులో వేస్తున్నారు. నేనూ ఏలూరు వచ్చి మీతోపాటే చూడాలని ఉంది, వీలవుతుందో లేదో. నువ్వు అడిగినవన్నీ ఉత్తరంలో చెప్పేవి కావు.

సినిమా అంటే సినిమాయే కదా గంగా. అక్కకు ఆ మాట ముందే చెప్పి తీసుకెళ్లు.

రాజ్యం

—

కొల్లేటికోట,
సెప్టెంబరు 1956.

శ్రీమతి రాజ్యం గారికి,

మీ అన్నయ్యగారి సినిమా చూసి వచ్చాము. మీరు రాలేదు. రాకపోవడమే మంచిదయింది.

ఊళ్లో సగం మందిమి పడవలెక్కి, తరవాత నడిచి, బస్సు పట్టుకుని ఏలూరు చేరాము. జగ్గయ్య తాతకు కళ్లు మసకలయినా వస్తానని పట్టుబట్టాడు. మాణిక్యానికి మీరు పంపిన రిబ్బన్లతోనే జడలు వేశాము. దారి పొడుగునా అక్క దానికి ఒకటే చెప్పింది. "సోమరాజు అని పిలుస్తారు సూడు, ఆడే మీ నాన్న."

పిలిచారండి. హీరో షావుకారుగారి అబ్బాయి. పట్నంలో చదువుకుని సైకిలు మీద వచ్చాడు. హీరోయిను మునసబుగారి అమ్మాయి. వాళ్లిద్దరూ సరదాపడి మా దోనె పందెం ఆడుకున్నారు. "ఒరేయ్ సోమరాజూ" అని హీరో పిలిస్తే, పెట్టె నెత్తిన పెట్టుకుని నత్తినత్తిగా మాట్లాడుతూ వచ్చి దబ్బున నీళ్లలో పడ్డాడే, ఆయనండి సోమరాజు. పడ్డప్పుడల్లా హాలంతా నవ్వు. మీరు మాట తప్పలేదు. పేరు మార్చలేదు.

మాణిక్యం బెంచీ మీద నిలబడి చప్పట్లు కొట్టింది. "నాన్న పడ్డాడు, నాన్న మళ్లీ పడ్డాడు" అని ఒకటే నవ్వు. చుట్టుపక్కలవాళ్లు దాన్ని చూసి ఇంకా నవ్వారు. అక్క దాన్ని కూర్చోబెట్టలేదు, నోరు మూయలేదు. కొంగు నోట్లో పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చుంది.

ఆ సినిమాలో మేము ఉన్నాము. బొగ్గు పూసుకుని గట్టుమీద ఉన్నాము. మా పందెం ఉంది, మా నీళ్లు ఉన్నాయి, మా పాట బాణీ కూడా ఉంది. ప్రేమించడానికి మాత్రం మేము పనికిరాలేదు. మీకు ఇది ముందే తెలుసని మీ కిందటి ఉత్తరం చదివినప్పుడే అనుకున్నాను. తెలియదని రాయగలిగితే రాయండి.

ఇట్లు,
ఎం. గంగారత్నం

—

తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 1956.

గంగా,

నన్ను మీరు అన్నావు. నువ్వు తిట్టి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు.

తెలుసు. డిసెంబరులో నీకు గొప్పలు పోతూ రాశానే, అప్పటికే తెలుసు. చేపలు పట్టుకునేవాడు హీరో అయితే ఎవరు చూస్తారని పెట్టుబడిదార్లు అన్నారట. అన్నయ్య కొన్నాళ్లు వాదించాడట, తరవాత మానేశాడట. "పేరు ఉంచాను కదమ్మా, వాళ్ల ముచ్చట తీరింది కదా" అని నాకు రాశాడు. నేను మళ్లీ పోట్లాడి ఉండాల్సింది. గడ గెలిచాను కదా, అది చాల్లే అనుకున్నాను. సినిమా ఆగిపోతే అన్నయ్య బతుకు ఏమవుతుందోనన్న భయం కూడా ఉంది. నీకు చెబితే అక్క వద్దంటుందని తెలుసు. అందుకే చెప్పలేదు.

మేము బెజవాడలో ముందే చూశాం. మా ఆయన, మరుదులు అందరూ ఆ పడవవాణ్ని చూసి పడిపడి నవ్వారు. నేనూ నవ్వాను గంగా, అది నీకు చెప్పకుండా ఉండలేను. రెండోసారి పడ్డప్పుడు అక్క గుర్తొచ్చింది. ఆ మర్నాడు ఏలూరు రావడానికి నాకు మొహం చెల్లలేదు.

మాణిక్యం గురించి నువ్వు రాసింది చదివాక అన్నం సహించడం లేదు. ఏం చేస్తే కాస్తయినా సరిపోతుందో చెప్పు. అక్కకు నా గురించి ఏం చెప్పినా పడతాను.

రాజ్యం

—

కొల్లేటికోట,
నవంబరు 1956.

రాజ్యానికి,

రాయకూడదనుకున్నాను. అక్క రాయమంది. "ఆ పిల్ల గడ మాట నిలబెట్టింది కదే, అది కూడా చెప్పవే" అంది.

అప్పుడు రాయనన్న సంగతి ఇది. షూటింగులో హీరోయినుకు గడ పట్టడం రాలేదు. హీరోకు కూడా రాలేదు. దూరం నుంచి తీసేది కాబట్టి వేరేవాళ్లను నిలబెడతామన్నారు. హీరో బట్టలు సూర్రావుకు వేశారు. ఆడవాళ్లు ఎవరూ ముందుకు రాలేదు. అక్క వస్తానంది. బావ పోయాక అక్క జంట దోనె ఎక్కలేదు. ఒంటి దోనెలోనే పోయి వల వేసుకునేది. ఆ పసుపు చీర కట్టి, తలలో పూలు పెడుతుంటే కదలకుండా నిలబడింది. "ఈపే కదా పడేది, ఎవరికి తెలుస్తాది" అంది.

మా వాళ్ల సంగతి నీకు తెలియదు. కొల్లేట్లో ఎంత దూరాన దోనె పోతున్నా, మొహం కనబడక్కర్లేదు, గడ వేసే తీరు చూసి మనిషిని చెప్పేస్తారు. నడుం ఎలా వంచుతారు, గడను ఎంత లోతు దించుతారు, ఎలా లాగుతారు అన్నది ఎవరిది వాళ్లదే. ఏలూరు హాల్లో ఆ పాట రాగానే మా వరసలో అందరూ ముందుకు వంగి చూశారు. అక్కను పోల్చారు. ఊరు ఏమంటుందోనని నేను తల వంచుకున్నాను. అప్పుడు జగ్గయ్య తాత లేచి నిలబడ్డాడు. ఆ మసక కళ్లతో అక్క ముందున్నవాణ్ని చూసి, "అడుగో మన సోమరాజు" అన్నాడు. సూర్రావు పేరు చెప్పలేదు. సూర్రావుకు చిన్నప్పుడు గడ పట్టడం నేర్పింది బావే. చెయ్యి అచ్చం అన్న చెయ్యే.

వెనకవాళ్లు కూర్చోమని అరిచారు. మరుక్షణం హీరోయిను దగ్గరగా కనబడింది, గొడుగు పట్టుకుని దోనెలో కూర్చుని. అంతసేపు నిలబడ్డ పిల్ల ఎప్పుడు కూర్చుందో మీ అన్నయ్యగారే చెప్పాలి.

ఇప్పుడు మాణిక్యం అడుగుతోంది, నీళ్లలో పడినవాడు నాన్నా, అటు తిరిగి గడ వేసినవాడు నాన్నా అని. అటు తిరిగినోడే అని అక్క చెప్పింది. మళ్లీ చూపించమని ఒకటే గొడవ. నువ్వు చేయగలిగింది ఏదైనా ఉంటే, ఆ వెనక నుంచి తీసిన ఫొటో ఒకటి మీ అన్నయ్యగారిని అడుగు. ఊరు అక్కను ఒక్క మాట అనలేదు, అది కూడా చెప్పడం న్యాయం.

గంగ

—

తాడేపల్లిగూడెం,
జనవరి 1957.

గంగా,

అన్నయ్యకు రాశాను, మళ్లీ మళ్లీ రాశాను. చివరికి పంపించాడు. నీకు పంపలేకపోతున్నాను. అన్నీ హీరో హీరోయిన్లవే. ఒకదానిలో గొడుగు, ఇంకోదానిలో సైకిలు, మూడోదానిలో ఆ పడవవాడు నీళ్లలో. వీపులకు ఎవరు ఫొటోలు తీస్తారమ్మా అని రాశాడు. ఆ ముక్క దగ్గర ఉత్తరం చింపేశాను. మా అన్నయ్య ఉత్తరం నేను చింపడం ఇదే మొదలు.

ఒక్క దారి ఉంది. మార్చిలో కలిదిండికి టూరింగ్ టాకీసు వస్తోందట. అందులో మన సినిమా వేస్తారట. మన అనకూడదేమో. పిల్లకు ఇంకోసారి చూపించవచ్చు. రమ్మంటే నేనూ వస్తాను. నువ్వు రమ్మంటేనే వస్తాను.

రాజ్యం

—

కొల్లేటికోట,
మార్చి 1957.

రాజ్యానికి,

నిన్ను రమ్మనలేదు. పంతానికి ఊరుకున్నాను. ఇప్పుడు రమ్మని ఉండాల్సింది అనిపిస్తోంది. అక్కడ ఇసుకలో నా పక్కన నువ్వు ఉంటే బాగుండేది.

కలిదిండి వెళ్లాము. అక్క, మాణిక్యం, నేను, అంతే. పడవవాడు వచ్చినప్పుడు మాణిక్యం ఈసారి నవ్వలేదు. "ఈడు కాదు, ఈడు కాదు" అని పక్కవాళ్లందరికీ చెప్పింది. పాట కోసం ఎదురు చూసింది. పాట వచ్చింది. గొడుగు వచ్చింది, హీరోయిను కూర్చుని ఉంది, పాట అయిపోయింది. దూరపు దోనె రాలేదు. ఆట అయ్యాక వెళ్లి టాకీసు ఆయన్ని అడిగాను. రీళ్లు పాతబడి తెగాయండి, పనికిమాలిన ముక్కలు కోసి అతికించాం, నవ్వే చోట్లు మాత్రం ఒక్కటీ తీయలేదండి అని చెప్పాడు, నన్ను సంతోషపెట్టడానికి.

మాణిక్యం ఏడవలేదు. "నాన్న ఇయ్యాల రాలేదేం" అని మాత్రం అడిగింది. ఇంటికి వచ్చేదాకా అక్క దాని చెయ్యి వదల్లేదు.

మర్నాడు పొద్దున అక్క పిల్లకు తల దువ్వి, నా చేతికి అప్పగించి, గట్టు మీద నిలబెట్టమంది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. రేవులో జంట దోనె ఉంది. ముందు గడ పట్టుకుని ఒక మనిషి అటు తిరిగి నిలబడి ఉన్నాడు, తలకు బావ తుండుగుడ్డ చుట్టుకుని. అక్క వెళ్లి వెనక నిలబడింది. ఇద్దరూ ఒక్కసారే గడ దించారు. దోనె గీత గీసినట్టు లంక వైపు పోయింది. ఆ మనిషి ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. మాణిక్యం నా వేలు పట్టుకుని, దోనె మంచులో కలిసిపోయేదాకా చూసింది. చేసింది మంచో చెడో నాకు తెలియదు రాజ్యం. బళ్లో పిల్లలకు అబద్ధం చెప్పకూడదని పాఠం చెప్పేదాన్ని, నోరు మూసుకుని నిలబడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు దోనెలో అక్క ఒక్కతే ఉంది. మొహం కనబడకూడదని సూర్రావు అవతలే దిగిపోయి, తుండుగుడ్డ దాచేసి, మోకాళ్ల దాకా బురదతో గట్టు చుట్టూ నడిచి వచ్చాడు. మాణిక్యం వాడికి ఎదురు పరిగెత్తింది.

"బాబాయ్, కాస్త ముందు రాకపోయావా, నాన్న ఇప్పుడే లంకకెళ్లాడు" అంది.

"అలాగా అమ్మా" అన్నాడు వాడు.

నీ గంగ